పండగ సెలవుల్లో పిల్లలకు వంటిల్లు: సకినాలా, సర్వపిండా?

సంక్రాంతి సెలవులు మొదలైతే నల్లగొండలో మా వాడకట్టంతా సకినాల వాసనే. మా పాపకు 11 ఏళ్ళు, బాబుకు 8. పిండి గిన్నె కనిపిస్తే చాలు, "మేం కూడా చేస్తం" అని వచ్చి కూర్చుంటారు. పక్కన పెట్టుకొని మనం చెప్పినట్టు చేయించాలా, ఒక వంట మొత్తం వాళ్ళకే వదిలేయాలా? నేను రెండూ చేసి చూశాను.

సకినాలు మొదటి రకం. బియ్యం నానబెట్టి, నీళ్ళు వడకట్టి, తడి పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలపాలి. ఆ తర్వాత పొడి బట్ట మీద వేళ్ళతో పిండిని మెలితిప్పుతూ చుట్లు చుట్టాలి. ఆ ఒడుపు చూసి నేర్చుకోవాల్సిందే. మా పాపకు వచ్చిందంటే నానమ్మ పక్కన రెండు పండగలు కూర్చోబట్టే. కానీ సకినాలు చుట్టాలిళ్ళకు, వియ్యాలవారికి వెళ్తాయి. నలుగురూ చూస్తారు కాబట్టి మన చెయ్యి ఊరుకోదు. పోయినేడు బాబు చుట్టిన వంకర సకినాన్ని తీసి మళ్ళీ ముద్దలో కలిపేశాను. వాడు ఏమీ అనలేదు, లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మళ్ళీ పిండి దగ్గరికి రాలేదు.

అందుకే మర్నాడు సర్వపిండి, అంటే గిన్నెలో కాల్చే బియ్యప్పిండి రొట్టె, వాళ్ళకు అప్పజెప్పాను. పిల్లలు నడిపించే వంటకు ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు. కారణం ఒకటే: దీన్ని చల్లటి గిన్నెలోనే వత్తుతారు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, ఉప్పు, కారం కలిపి, నూనె రాసిన గిన్నెలో పలుచగా పరిచి, వేలితో బొక్కలు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేయాలి. చేతులకు పిండి అంటుకునే పనంతా పొయ్యి వెలిగించకముందే అయిపోతుంది. వెలిగించేది నేను, మూత తీసేది నేను. మిగతాదంతా వాళ్ళ ఇష్టం. పచ్చిమిర్చి మాత్రం వద్దన్నాను, ఆ చేతులతో కళ్ళు నలుపుకుంటారని. ఎండు కారం కూడా చెంచాతోనే వేయమన్నాను.

మొదటిది లోపల పచ్చిగా ఉండిపోయింది. నీళ్ళు ఒకేసారి పోశారు, పైగా ఉప్పు తగిలి ఉల్లికాడల నీళ్ళూ దిగాయి. పిండి జారుగా అయ్యేసరికి మందంగా పరిచారు. చెబుదామని నోటిదాకా వచ్చినా ఆపుకున్నాను. పాప విరిచి చూసి, "మధ్యల ఉడకలే, పలుచగ వత్తాలె" అంది. రెండోసారి నీళ్ళు చెంచాతో పోసుకున్నారు. గిన్నె చల్లారేదాకా ఆగాలి కదా, ఆ ఖాళీలో బాబు పల్లీలు బొమ్మ ముఖంలాగా పేర్చాడు. అది అందంగా కాలకపోయినా ఇంట్లోనే తిన్నాం, ఎవరికీ చూపించాల్సిన పని లేదు.

ఇంకా చిన్నవాళ్ళుంటే మంట లేని వంటే మేలు. వనపర్తిలో మా అక్క వాళ్ళింట్లో పల్లీలకు కొదవ లేదు. పెద్దవాళ్ళు వేయించి చల్లార్చి ఇస్తే, 5 ఏళ్ళ పిల్ల కూడా పొట్టు నలిపి ఊదుతుంది. బెల్లంతో దంచిస్తే ఉండలు చుడుతుంది. పాకం పట్టే పల్లిపట్టి జోలికి మాత్రం పిల్లలను పోనీయొద్దు. కాగిన పాకం చర్మానికి అతుక్కుపోయి వదలదు.

ఏది మేలంటే, సకినాలు పెద్దల పక్కన కూర్చొని నేర్చుకునేవి, అవి అలాగే ఉండాలి. కానీ సెలవుల్లో ఒక్క పూటైనా పిల్లలే నడిపించే వంట ఉండాలి, దానికి సర్వపిండే నా ఎంపిక. అరకిలో పిండి పోయినా పెద్ద నష్టం లేదు. వంటిల్లు మాత్రం పిండిమయం అవుతుంది. వెంటనే తడిగుడ్డ పెట్టకండి, బంకలా అతుక్కుంటుంది. ముందు పొడి చీపురుతో ఊడ్చి, తర్వాత తుడవాలి. మా ఇంట్లో ఊడ్చే పని బాబుది, తుడిచేది పాప. ఈ భోగికి పిండిలో సొరకాయ తురుము కలుపుతామని ఇద్దరూ ఇప్పుడే చెప్పి పెట్టారు. దాని నీళ్ళు కూడా దిగుతాయని నేనింకా చెప్పలేదు.