కొవాచిత్స వెళ్తే హాఫ్ డే టూర్ వద్దు, ఒక రాత్రి ఉండండి

సెర్బియాలో రైతులు గీసే బొమ్మలకి పేరున్న కొవాచిత్స అనే చిన్న ఊరికి మేం ఒకే ఏడాదిలో రెండుసార్లు వెళ్ళాం, ఎందుకంటే మొదటిసారి వెళ్ళీ చూడనట్టే అయింది. మేముండేది మ్యూనిక్‌లో. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది కాబట్టి సెర్బియాకి వేరే వీసా తీసుకోలేదు. ఇండియా నుంచి డైరెక్ట్‌గా వెళ్ళేవాళ్ళు మాత్రం చూసుకోండి, 2023 జనవరి నుంచి మన పాస్‌పోర్ట్‌కి వీసా ఫ్రీ తీసేశారు.

మేలో బెల్‌గ్రేడ్ వెళ్ళినప్పుడు అక్కడ ఒక టూర్ వాళ్ళ దగ్గర హాఫ్ డే ట్రిప్ బుక్ చేశాం. వ్యాన్‌లో పన్నెండు మందిమి. గ్యాలరీలో నలభై నిమిషాలు, ఒక షాపు దగ్గర అరగంట, ఇక ఎక్కండి ఎక్కండి అన్నారు. గైడ్ అమ్మాయి చాలా బాగా చెప్తోంది, కానీ ఆ అమ్మాయికి కూడా టైం ఇస్తే కదా. తిరిగి వచ్చేటప్పుడు దారంతా నాకు ఒకటే బాధ, ఆ బొమ్మలు గీసే మనుషులు పక్క వీధిలోనే ఉన్నారు, ఒక్కళ్ళని కూడా కలవలేదు.

అందుకే అక్టోబర్‌లో మళ్ళీ వెళ్ళాం, ఈసారి మా అంతట మేమే. బెల్‌గ్రేడ్ బస్ స్టేషన్ ఇప్పుడు పాత చోట లేదు, న్యూ బెల్‌గ్రేడ్‌కి మార్చారు, పాత మ్యాప్ నమ్ముకుని వెళ్ళకండి. పాంచెవో మీదుగా గంట పైన పడుతుంది. దారంతా బల్లపరుపు నేల, ఎటు చూసినా మక్క చేన్లే. ఆదివారం బస్సులు తక్కువ, కాబట్టి తిరుగు టైం ముందే అడిగి పెట్టుకోండి.

ఊరి గురించి కొంచెం చెప్పాలి. 1802లో స్లొవాక్ కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి, ఇప్పటికీ ఇళ్ళల్లో స్లొవాక్ భాషే. చుట్టుపక్కల ఊళ్ళు చూస్తే దెబెల్యాచలో హంగేరియన్లు, ఉజ్దిన్‌లో రొమేనియన్లు, ఇద్వోర్‌లో సెర్బులు. అందుకే ఆఫీసుల బోర్డుల మీద నాలుగు భాషలు కనిపిస్తాయి. షాపులో ఒకావిడ ముందున్న కస్టమర్‌తో స్లొవాక్‌లో మాట్లాడి, ఫోన్ వస్తే సెర్బియన్‌లోకి మారి, మా వైపు తిరిగి జర్మన్‌లో అడిగింది ఏం కావాలని.

బొమ్మల సంగతి 1939లో మొదలైంది, మార్టిన్ పలూష్క, యాన్ సోకోల్ అని ఇద్దరు రైతులతో. ఎవరూ ఆర్ట్ స్కూల్‌కి వెళ్ళినవాళ్ళు కాదు. మొదట్లో పోస్టుకార్డులు చూసి గీసేవాళ్ళంట, తర్వాత తమ ఊరు, తమ పొలం, తమ పెళ్ళిళ్ళే గీయడం మొదలెట్టారు. 1955లో గ్యాలరీ పెట్టారు, 2024 డిసెంబర్‌లో ఈ బొమ్మలు గీసే కళ యునెస్కో లిస్టులోకి ఎక్కింది. మార్టిన్ యోనాష్ బొమ్మల్లో రైతులకి చేతులూ పాదాలూ ఇంతింత పెద్దవి, తల మాత్రం చిన్నది, పని చేసేది చేతులే కదా. జుజానా హలుపోవా బొమ్మల నిండా పిల్లలే, ఆవిడకి సొంత పిల్లలు లేరు, ఆ బొమ్మలు యునిసెఫ్ కార్డుల మీద కూడా వచ్చాయి. మేలో ఈ ఇద్దరి బొమ్మలున్న గోడల ముందు నుంచి దాదాపు పరుగెత్తాం, ఈసారి ఒక్కో బొమ్మ ముందు నిలబడే టైం దొరికింది.

మాది జనగామ వైపు, చేర్యాల దగ్గరే, చిన్నప్పటి నుంచి నకాషీ వాళ్ళ బొమ్మలు చూస్తూ పెరిగాను కాబట్టి పోల్చకుండా ఉండలేకపోయా. మన దగ్గర కథ చెప్పేవాళ్ళ కోసం కులపురాణాలు బట్ట మీద గీస్తారు, చింతగింజల అంబలి పూసి, వెనకాల ఎర్ర రంగు వేసి, అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని. ఇక్కడ పురాణం లేదు, గీయించుకునేవాళ్ళూ లేరు, రైతు తన బతుకునే ఆయిల్ రంగుల్లో గీసుకున్నాడు. రెండూ నాకు ఇష్టమే, కానీ ఇలా తమని తామే గీసుకోవడం చూస్తే గుండె నిండిపోయింది.

ఇక ఉండటం. ఊళ్ళో పెద్ద హోటల్ కోసం వెతక్కండి, ఇళ్ళల్లో రూములు దొరుకుతాయి. మేం ఒక ముసలి దంపతుల ఇంట్లో ఉన్నాం, బెల్‌గ్రేడ్ హోటల్‌కి ఇచ్చిన దాంట్లో సగం కూడా కాలేదు. ఈకల దుప్పట్లు, వేడి నీళ్ళు, ఎక్కడా దుమ్ము లేదు. బాత్రూం వరండాలో ఉంది, పక్క రూమ్ వాళ్ళతో కలిపి, వైఫై రూమ్‌లోకి రాదు. కార్డు తీసుకోరు, దినార్లు చేతిలో ఉంచుకోండి, యూరోకి సుమారు 117 వస్తాయి. నాకైతే బెల్‌గ్రేడ్ హోటల్ కంటే ఇదే నయం, ఎందుకంటే పొద్దున టిఫిన్ దగ్గర ఇంటావిడే ఫోన్ తీసి, నాలుగిళ్ళ అవతల బొమ్మలు గీసే ఒక బామ్మగారిని మా కోసం అడిగింది.

ఆ బామ్మగారి ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాం. మనవరాలు ఇంగ్లీష్‌లో చెప్తుంటే ఈవిడ మా చేతుల్లో గసగసాల ష్ట్రూడ్లా, అంటే లోపల గసగసాలు పెట్టి చుట్టిన తీపి రొట్టె, పెడుతూనే ఉంది. కిటికీ పక్కన చిన్న టేబుల్, గుమ్మడికాయల బండి బొమ్మ సగంలో ఉంది. వేసవిలో తోట పనే సరిపోతుంది, అసలు గీసేది చలికాలంలోనే అంది.

కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట. ప్రింట్లు వేరు, ఒరిజినల్స్ వేరు, దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. వెనక్కి తిప్పి సంతకం, సంవత్సరం చూడండి, వెలుతురులో వంచితే బ్రష్ గీతలు కనిపించాలి. ఆయిల్ పెయింట్ కాబట్టి ఈమధ్యే వేసింది చుట్టి సూట్‌కేస్‌లో పెట్టేయకండి, అంటుకుపోతుంది. మేం అరచేతికి కొంచెం పెద్దది, ఆరిపోయిన పాతది తీసుకున్నాం. బేరం ఆడలేదు, అది గీసిన చేతులు ఎదురుగా ఉంటే మా ఆయనకి నోరు రాలేదు, నాకూ రాలేదు.

తిండి విషయంలో వెజిటేరియన్లకి కొంచెం కష్టమే, అంతా సాసేజ్, బాతు మాంసం. అయ్‌వార్ మాత్రం వదలకండి, ఎర్ర క్యాప్సికం కాల్చి తొక్కతీసి నూనెలో ఉడికించిన పచ్చడి. వేడి రొట్టెలో అదే వేసుకుని రెండు పూటలు లాగించాం.

ఇద్వోర్ తప్పకుండా వెళ్ళండి, ఇంజినీర్లయితే ఇంకా. మిహాయిలో పుపిన్ పుట్టిన ఊరు, 1874లో జేబులో ఐదు సెంట్లతో అమెరికాలో దిగి కొలంబియా యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన మనిషి, దూరం ఫోన్ కాల్స్ స్పష్టంగా వినపడేలా చేసిన కాయిల్స్ ఆయనవే. బస్సుల మీద ఆధారపడితే రోజు పోతుంది, మేం ఇంటావిడ బంధువు కారులో డబ్బులిచ్చి వెళ్ళాం. ఉజ్దిన్ చేరేసరికి చీకటి పడింది. అక్కడ రొమేనియన్ ఆడవాళ్ళు కూడా ఇలాగే బొమ్మలు గీస్తారు, అది ఇంకా చూడాల్సి ఉంది.

బామ్మగారు చలికాలం అన్న మాట పట్టుకుని జనవరికి ఆ ముసలి దంపతుల ఇంట్లోనే రూమ్ చెప్పి పెట్టాం, ఈసారి మూడు రాత్రులు.