కుట్రకు ఎవరు మేలు? తమ్ముడు, మంత్రి, రాణి, బావమరిది

ఫాంటసీ నవలకు కుట్రలు పన్నే విలన్ కావాలి, వాడు రాజకుటుంబం లోపలివాడై ఉండాలి అంటే ముందుగా గుర్తొచ్చేవాళ్లు నలుగురు. రాజు తమ్ముడు, మంత్రి, రాణి, రాణిగారి తమ్ముడు. వడపళని స్టూడియోల్లో తయారైన జానపద సినిమాలు చూసి పెరిగినవాళ్లు సేనాధిపతిని కూడా కలుపుతారు. రాజనాల ఆ వేషాలకు పెట్టింది పేరు. కానీ సేనాధిపతి చేతిలో సైన్యం ఉంటుంది. సైన్యం ఉన్నవాడికి కుట్రతో పనేముంది? తెల్లారేసరికి కోట చుట్టేస్తే సరిపోతుంది. కాబట్టి ఆయన్ని ఈ లెక్కలోంచి తీసేస్తున్నాను.

నేను చూసేది ఒక్కటే. సింహాసనానికి చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండి, దాని మీద కూర్చునే హక్కు మాత్రం లేనివాడే సిసలైన కుట్రదారు. హక్కు ఉన్నవాడు సభలో అడుగుతాడు. బలం ఉన్నవాడు యుద్ధం చేస్తాడు. ఆ రెండూ లేనివాడు మాత్రమే ప్రతి పనీ ఇంకొకరి చేత్తో చేయించాలి. అలా చేయించిన ప్రతిసారీ ఒక మనిషికి రహస్యం తెలుస్తుంది, ఆ మనిషి నోరు ఎలా మూయించాలన్న టెన్షన్ మొదలవుతుంది. రచయిత వేరే మలుపులు వెతుక్కోనక్కర్లేదు.

ఆ లెక్కన రాజు తమ్ముడు అందరికన్నా వెనకబడతాడు. అతనికి రక్తం ఉంది, హక్కు ఉంది, అందుకే మొదటి రోజు నుంచీ అందరి అనుమానమూ అతని మీదే. రాజపుత్రులు ఎండ్రకాయల్లాంటివాళ్లు, కన్నవాళ్లనే తినేస్తారు అనే పాత మాట అర్థశాస్త్రంలో ఉంది. రాజుగారికి తెలుసు, వేగులకు తెలుసు, మన పాఠకుడికి ఇంకా బాగా తెలుసు. మూడో అధ్యాయంలో తమ్ముడు వంకరగా నవ్వాడంటే చాలు, కామెంట్లలో కథంతా చెప్పేస్తారు. పైగా తమ్ముడి కుట్ర ఎంత దూరం నడిచినా చివరికి దాయాదుల పోరుగానే తేలుతుంది. అది యుద్ధం నవలకు పనికొస్తుంది.

మంత్రి సంగతి వేరు. అతని దగ్గర ముద్ర ఉంటుంది, ఖజానా లెక్కలుంటాయి, ఏ సామంతుడు ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో తెలిసి ఉంటుంది. కుట్రకు కావలసిన సరంజామా అంతా ఆయన బల్ల మీదే ఉంటుంది. చిక్కెక్కడంటే, తెలుగువాళ్లకు మంత్రి మీద జాలి ఎక్కువ. తిమ్మరుసు పేరు చెప్పగానే ఆయన కళ్లు తీయించిన రాజు మీదే కోపం వస్తుంది. రాకుమారుడి మీద విషప్రయోగం జరిగిందనీ, ఆ నేరం తిమ్మరుసు కుటుంబం మీద పడిందనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. నిజమేదైనా, మన ఊహలో అప్పాజీ నిర్దోషి. మంత్రిని విలన్ చేస్తే ఈ అభిమానానికి ఎదురీదాలి. ఈదగలిగితే మాత్రం ఫలితం గొప్పగా ఉంటుంది. పల్నాటి నాయకురాలు నాగమ్మను చూడండి. గురజాలలో నలగామరాజు మంత్రిణి, రాజవంశంతో రక్తసంబంధం లేదు. కోడిపందెం పెట్టించి, ఓడినవాళ్లు రాజ్యం వదిలి వెళ్లాలన్న షరతుతో ప్రత్యర్థులైన మాచర్లవాళ్లను అడవుల పాలు చేసింది. కత్తి ఒరలోంచి బయటికి రాలేదు, రెండు కోళ్లు కొట్టుకున్నాయంతే. కుట్ర అంటే అదీ. అయితే నాగమ్మను విలన్ అనడానికి ఒప్పుకోనివాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నేనూ సగం వాళ్ల పక్షమే.

రాణి దగ్గరికి వస్తే మామూలుగా అందరూ సవతి తల్లిని పట్టుకుంటారు. కైక అడిగిన రెండు వరాలు, వెనక మంథర, ఆ అచ్చులో పోసిన రాణులు మనకు లెక్కలేనంతమంది. నిజానికి రాణికి ఉన్న అసలు బలం సవతి పోరు కాదు, ఏకాంతం. రాజు ఆయుధం లేకుండా, అంగరక్షకులు లేకుండా ఉండే చోటు అంతఃపురం ఒక్కటే. అర్థశాస్త్రం మొదటి అధికరణంలో అంతఃపురంలో చచ్చిపోయిన రాజుల జాబితా ఒకటి ఉంది, చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కాశీరాజుకు రాణి పేలాల్లో తేనె అని చెప్పి విషం కలిపి పెట్టింది. విదూరథుణ్ణి అతని రాణి జడలో దాచిన ఆయుధంతో చంపింది. విషం పూసిన అందెతో ఒకరు, మొలనూలు మణితో ఒకరు, అద్దంతో ఒకరు. కౌటిల్యుడు దాన్ని ఒక ఆఫీసు సర్క్యులర్ రాసినంత నిర్వికారంగా రాశాడు. మన నవలా రచయితలు ఎందుకో ఇప్పటికీ పాలగ్లాసులో విషం దగ్గరే ఆగిపోతున్నారు.

రాణితో వచ్చే ఇబ్బంది వేరు. ఆమెకు కారణం బలంగా ఉంటుంది కాబట్టి, సరిగ్గా రాస్తే ఆమె విలన్‌గా మిగలదు, నాయిక అయిపోతుంది. అలా జరగడం మీకు ఇష్టమైతే ఇంకెవరి వైపూ చూడకండి.

ఇక బావమరిది. నా ఓటు ఇతనికే. ముందే చెప్పాలి, నేనూ ఒక ఇంటికి బావమరిదినే. మా బావగారికి పోరూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్, దాని మీద లోను తప్ప సింహాసనం లేదు కాబట్టి గొడవ లేదు.

బావమరిదికి అంతఃపురంలోకి అడ్డు లేదు, ఎందుకంటే అక్క ఉంది. సభలో కుర్చీ ఉంది, ఎందుకంటే బావ ఉన్నాడు. మేనల్లుడు పెద్దవాడయ్యేదాకా వాడి పేరు మీద ఏం చేసినా ప్రేమ అనిపించుకుంటుంది. సింహాసనం మీద మాత్రం ఆవగింజంత హక్కు కూడా లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట ఇలాంటివాడికే సరిపోతుంది. శకుని గుర్తొస్తాడని భయపడేవాళ్లున్నారు. రానివ్వండి. పాచికలు మాత్రం ఇవ్వకండి.

దీనికి మన చరిత్రలోనే రుజువులున్నాయి. 1542లో విజయనగర రాజు అచ్యుతరాయలు పోయాక ఆయన బావమరిది సలకం తిరుమలరాజు, చిన్నవాడైన మేనల్లుణ్ణి చంపించి తానే గద్దెనెక్కాడు. ఎక్కి ఎన్నాళ్లు ఉన్నాడు? మరుసటి ఏడాదికల్లా అతని కథ ముగిసింది. అతన్ని దింపిన అళియ రామరాయలు కృష్ణరాయల అల్లుడు. ఆయన తాను ఎక్కలేదు. సదాశివరాయల్ని పేరుకు కూర్చోబెట్టి, 1565లో రాక్షసతంగడి యుద్ధంలో తల తెగేదాకా ఇరవై ఏళ్లకు పైగా పెత్తనం చేశాడు. ఈ రెండు జీవితాలూ పక్కపక్కన పెడితే విలన్‌కు ఏం చేయించాలో, ఏం చేయించకూడదో తెలిసిపోతుంది. కుట్రదారు గద్దె మీద కూర్చున్న పేజీతో మీ నవల అయిపోయినట్టే. వీలైనంత ఆలస్యం చేయండి.

మూడో రుజువు చెన్నైవాళ్లకు మరీ దగ్గర. సెంట్రల్‌లో రైలెక్కి కాట్పాడిలో దిగితే వేలూరు కోట. 1614లో విజయనగర రాజు వేంకటపతి దేవరాయలు చనిపోతూ అన్న కొడుకు శ్రీరంగరాయల్ని వారసుడిగా చెప్పిపోయాడు. రాణి బాయమ్మకు పిల్లల్లేరు. గర్భవతినని నటించి, ఎవరో బ్రాహ్మణ స్త్రీ బిడ్డను తెచ్చి తన కొడుకని పెంచింది. ఆ సంగతి రాజుకు తెలుసనీ, రాణి మీద ప్రేమతో ఊరుకున్నాడనీ క్రైస్తవ పాదిరీ బర్రడాస్ 1616 నాటి ఉత్తరంలో రాశాడు. ఆమె పుట్టింటివాడు, చరిత్ర పుస్తకాల్లో బావమరిదిగా కనిపించే గొబ్బూరి జగ్గరాయలు ఆ బిడ్డ పేరు చెప్పి కొత్త రాజును కుటుంబంతో సహా బంధించాడు, చివరికి అందరినీ చంపించాడు. ఒక్క పిల్లవాడు మిగిలాడు. శ్రీరంగరాయల పక్షాన నిలిచిన వెలుగోటి యాచమనాయుడి మనుషులు ఆ రాకుమారుణ్ణి చాకలి బట్టల మూటలో పెట్టి కోట దాటించారు. ఆ తర్వాత యుద్ధం రేగి, కావేరి ఒడ్డున తోపూరు దగ్గర జగ్గరాయలు చచ్చాడు.

ఇందులో నవలా రచయితకు పనికొచ్చేది హత్యాకాండ కాదు. తన బిడ్డ కాదని తెలిసీ ముద్దు చేసిన రాజు, ఆ మౌనాన్నే పెట్టుబడిగా వాడుకున్న పుట్టింటివాళ్లు. రాజు ఒక్క మాట అని ఉంటే కుట్రకు కాళ్లుండేవి కావు. మంచివాడి బలహీనత ఏదో వెతికి దాని మీద నిలబడ్డ కుట్ర, విషం మీద నిలబడ్డ కుట్ర కన్నా గట్టిది.

వేళచ్చేరిలో ఉండే మా మేనకోడలు ఇలాంటి నవలే ఒకటి సీరియల్‌గా రాస్తోంది. ఆమె మొదటి డ్రాఫ్టులో బావమరిది అర్ధరాత్రి నేలమాళిగలో దివిటీ వెలుగులో ఒంటరిగా పగలబడి నవ్వుతున్నాడు.

"ఎవరి కోసం నవ్వుతున్నాడే?" అన్నాను.

"చదివేవాళ్ల కోసం మావయ్యా. లేకపోతే విలన్ అని ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోతే ఏమవుతుంది?"

కాసేపు ఏమీ అనలేదు. వారం తర్వాత పంపిన అధ్యాయంలో నేలమాళిగ లేదు. రాజుకు జ్వరం. వైద్యుడు కషాయం తెచ్చాడు. బావమరిది ఆ గిన్నె అందుకుని ముందు తాను ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, "మరీ చేదుగా ఉంది బావా, తేనె కలపమంటాను" అంటాడు. మర్నాడూ అంతే. నాలుగో రోజుకు రాజు అతని చేతి గిన్నె తప్ప ఇంకెవరిదీ ముట్టడు. ఆ కషాయంలో విషం లేదు. చివరిదాకా ఉండదు కూడా. కానీ పదో రోజున మంత్రి వస్తే గుమ్మం దగ్గర బావమరిది లేచి నిలబడి, "ఇప్పుడే కన్ను మూతపడింది, సాయంత్రం రండి" అంటాడు ఎంతో మర్యాదగా. ఆ సాయంత్రం మళ్లీ రాదు. రాజుకూ రాజ్యానికీ మధ్య ఒక తలుపు, ఆ తలుపు దగ్గర ఒక మనిషి. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది. చదువుతుంటే నాకే కషాయం మింగిన మొహం వచ్చింది.

ఈ పని రాజు తమ్ముడు చేయగలడా? అతను గిన్నె ముట్టుకుంటే కాపలావాడు ఉలిక్కిపడతాడు. మంత్రికి పడకగదిలో అంతసేపు కూర్చునే వీల్లేదు. రాణి చేయగలదు, కానీ భార్య మందివ్వడంలో వింత లేదు కాబట్టి దృశ్యానికి పదును రాదు. బావమరిది చేస్తేనే సేవ, అతిచొరవ రెండూ కలిసి కనిపిస్తాయి, ఏదో తేడాగా ఉందే అని పాఠకుడి మనసు గునుస్తుంది.

ఇతనితో లోటు లేదా అంటే ఉంది. బావ చనిపోయిన క్షణం అతని బలం సగం పోతుంది. మిగతా సగం మేనల్లుడి మీద ఆధారపడి ఉంటుంది, ఆ పిల్లాడికి పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చి సొంత బుర్రతో ఆలోచించడం మొదలుపెడితే అదీ పోతుంది. అంటే ఈ విలన్‌కు రాజు బతికి ఉండటమే లాభం, మంచం దిగకుండా బతికి ఉండటం. సీరియల్ రాసేవాళ్లకు ఇది వరమే, ఎందుకంటే కాలం అతని మీద ఒత్తిడి పెడుతూనే ఉంటుంది. ఇరవై ముప్పై పేజీల్లో ముగించే కథకు మాత్రం ఇంత నిదానం పనికిరాదు. అక్కడ జడలో ఆయుధం దాచిన రాణిదే పైచేయి. ఒకే ఒక్క దొంగ పత్రం చుట్టూ తిరిగే కథైతే మంత్రిని తీసుకోండి.

బావమరిదిని ఎంచుకున్నవాళ్లు మొదటి అధ్యాయం రాయకముందే ఒకటి తేల్చుకోవాలి. తమ్ముడు చేస్తున్నది అక్కకు తెలుసా, తెలియదా? ఏమీ తెలియని రాణి అయితే ఆఖర్న గుండెలు బాదుకునే దృశ్యం ఒకటి దొరుకుతుంది, అంతే. అన్నీ తెలిసి చేయి కలిపితే విలన్లు ఇద్దరవుతారు, కుట్ర పలచబడుతుంది. నేనైతే మూడో రకం రాణిని రాస్తాను. ఆమెకు అనుమానం ఉంటుంది, ఒక్కసారీ అడగదు. అడిగితే నిజం చెప్పేస్తాడని ఆమె భయం.