డీడీరెస్క్యూ: తెరుచుకోని సీడీల మీద చాలా ఏళ్లు వాడిన తరువాత

పాత సీడీలు, డీవీడీలు కంప్యూటరులో పెడితే తెరుచుకోనప్పుడు వాటిలోని ఫైళ్లను బయటికి తీయడానికి నేను ఎక్కువగా వాడినది గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము. అంతోనియో దియాస్ దియాస్ రాసిన ఈ ప్రోగ్రాము 2004 నుంచి విడుదలవుతూ వస్తోంది. లినక్స్‌లో కమాండ్ లైన్ మీద నడుస్తుంది. బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. ఇది పాడైన డిస్కును బాగుచేయదు, డ్రైవుకు అందని డేటాను పుట్టించదు. అయినా దీన్ని ఇన్నేళ్లుగా వదలకపోవడానికి కారణం ఒక్కటే. ఏది వచ్చిందో, ఏది రాలేదో సెక్టారు (డిస్కు మీద డేటాను విడగొట్టి రాసే చిన్న భాగం) వారీగా రాసి పెట్టుకుంటుంది. ఆ లెక్క చేతిలో ఉంటే పనిని ఎప్పుడైనా, ఏ డ్రైవు మీదనైనా ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు.

మాది కర్నూలు పాతబస్తీలో డీటీపీ, ప్రింటింగు పని. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ నీళ్లు షాపులోకి వచ్చి కంప్యూటర్లన్నీ మునిగిపోగా, పెళ్లిపత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు, గుళ్ల కరపత్రాలు, కొన్ని పుస్తకాల తాలూకు పేజ్‌మేకర్ ఫైళ్లు బ్యాకప్ సీడీల్లో మాత్రమే మిగిలాయి. ఆ సీడీలు కూడా బురదలో నానినవే. అవి కాక, “డీవీడీ ఓపెన్ కావడం లేదన్నా, పెళ్లి ఫోటోలన్నీ దాంట్లోనే ఉండాయి” అంటూ వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడ చెప్పేదంతా ఈ రెండు రకాల డిస్కుల మీద చేసిన పని నుంచి తేలినది.

ప్రోగ్రాము సంగతికి ముందు డిస్కు సంగతి చెప్పాలి, ఎందుకంటే సగం ఫలితం అక్కడే తేలిపోతుంది. సీడీలో డేటా పొర ఉండేది మెరిసే అడుగు భాగాన కాదు, లేబులు వైపున, పల్చని పూత కింద. అడుగున ఉన్న 1.2 మిల్లీమీటర్ల పాలికార్బనేట్ పలక లేజరు కిరణం పోవడానికి దారి మాత్రమే. అందువల్ల అడుగున పడిన గీతలను పాలిష్ చేసి కొంతవరకు పోగొట్టవచ్చు గాని, లేబులు వైపు బాల్‌పెన్నుతో ఒత్తి రాసిన పేరును, లేచిపోయిన వెండిరంగు పొరను ఏమీ చేయలేము. వరదలో మునిగిన వాటిలో కాగితపు స్టిక్కరు అంటించిన సీడీలే అన్నింటికన్నా ఎక్కువగా దెబ్బతిన్నాయి. కాగితం నాని, ఉబ్బి, ఊడివచ్చేటప్పుడు వెండి పొరను కూడా పెచ్చులు పెచ్చులుగా వెంట తీసుకువచ్చింది. అటువంటి సీడీని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత చుక్కలు మొదలుకొని వేలి గోరంత ఖాళీల దాకా వెలుతురు ఇవతలికి వస్తుంది. వెలుతురు వచ్చిన చోట డేటా లేనట్టే. అయితే సీడీలో రాత మధ్య నుంచి అంచు వైపు సాగుతుంది గనుక, సగమే నిండిన సీడీకి అంచున పొర లేచినా ఫైళ్లకు నష్టం ఉండదు. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటిని అతికించి డేటాను వాటి మధ్య ఉంచుతారు. దానికి లేబులు వైపు గీతల భయం తక్కువ, అంచున అతుకు విడితే మాత్రం ప్రమాదం. బురద పట్టినదాన్ని మంచినీటితో నిదానంగా కడిగి, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే పడే గీత డేటా వరుస వెంబడే పడుతుంది, అది డ్రైవుకు మరింత కష్టం.

డేటా సీడీలో ఒక్కొక్క సెక్టారు 2352 బైట్లు. అందులో మన ఫైలుకు చెందినవి 2048. మిగిలిన వాటిలో 276 బైట్లు తప్పులు దిద్దుకోవడానికి ఉద్దేశించినవి. చిన్న చిన్న లోపాలను డ్రైవు తనంతట తానే దిద్దుకుంటుంది, మనకు తెలియనే తెలియదు. దిద్దుబాటు చాలని చోట సెక్టారు మొత్తాన్ని ఇవ్వనంటుంది. విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తున్నప్పుడు ఇటువంటి సెక్టారు ఒక్కటి తగిలినా, కాసేపు బిగుసుకుపోయి, ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అనే సందేశం చూపించి, ఫైలు మొత్తాన్నీ వదిలేస్తుంది. వంద మెగాబైట్ల ఫైలులో రెండు కిలోబైట్లు రానంత మాత్రాన మిగిలినదంతా పోవడం ఏమి న్యాయం?

డీడీరెస్క్యూ ఫైళ్ల జోలికే పోదు. డిస్కును మొదటి సెక్టారు నుంచి చివరి దాకా ఇమేజ్ ఫైలుగా (డిస్కు మొత్తానికి నకలైన ఒకే ఫైలుగా) దించుకుంటూ, చెడ్డ చోటు తగిలితే అక్కడ పట్టుబట్టకుండా ముందుకు దూకి, తేలికగా వచ్చేదాన్ని ముందుగా తెచ్చుకుంటుంది. సీడీ, డీవీడీలకు సెక్టారు పరిమాణం 2048 అని చెప్పి, మొదటి విడతలో ‘ఎన్’ ఆప్షన్ పెడితే గీకి గీకి చదివే పనిని వాయిదా వేస్తుంది. రెండో విడతలో ‘ఎన్’ తీసేసి, ‘డి’ ఆప్షన్‌తో డ్రైవు నుంచి నేరుగా చదవమని, ‘ఆర్’ ఆప్షన్‌తో ఇన్నిసార్లు మళ్లీ ప్రయత్నించమని చెప్పాలి. ‘డి’ పెట్టకపోతే లినక్స్ కొన్ని సెక్టార్లను కలిపి ఒక ముద్దగా అడుగుతుంది, ఒక చెడ్డ సెక్టారు పక్కన ఉన్న మంచివి కూడా దానితోపాటు రాకుండా పోతాయి.

ఈ రెండు విడతలనూ కలిపేది మ్యాప్ ఫైలు. పాత వెర్షన్లలో దీనినే లాగ్ ఫైలు అనేవారు. మామూలు టెక్స్ట్ ఫైలే. తెరిచి చూస్తే ఒక్కొక్క వరుసలో ఒక చోటు, ఒక పొడవు, చివర ఒక గుర్తు ఉంటాయి. వచ్చినదానికి ‘+’, చెడినదానికి ‘-’, ఇంకా ముట్టుకోనిదానికి ‘?’. కరెంటు పోయినా, డ్రైవు వేడెక్కి తప్పులు పెరుగుతున్నాయని మనమే ఆపినా, డిస్కు తీసి కడిగి మళ్లీ పెట్టినా, అదే ఇమేజ్, అదే మ్యాప్ ఇచ్చి నడిపితే ‘+’ ఉన్న చోట్ల వైపు తిరిగి చూడకుండా మిగిలినవే అడుగుతుంది. కర్నూలు ఎండాకాలంలో గంటల తరబడి తిరిగే డ్రైవుకు విరామం ఇవ్వక తప్పదు, ఆ విరామం వల్ల చేసిన పని వృథా కాదు.

అంతకంటే ముఖ్యమైనది డ్రైవు మార్చగలగడం. ఒక డ్రైవు ససేమిరా అన్న సెక్టార్లను మరొకటి మారు మాట లేకుండా చదివేయడం నేను పదే పదే చూశాను. ల్యాప్‌టాప్‌లకు తగిలించే పల్చని యూఎస్‌బీ డ్రైవుల కంటే డెస్క్‌టాప్‌లో బిగించే పాత డీవీడీ రైటర్లు ఈ పనికి మేలని నా అభిప్రాయం. అవి పాత సామాను అమ్మే చోట ఇప్పటికీ చవకగా దొరుకుతాయి గనుక వేర్వేరు కంపెనీలవి తెచ్చిపెట్టుకున్నాను. ‘ఆర్’ అంకెను పెంచుకుంటూ ఒకే డ్రైవును రాత్రంతా రుబ్బడం కంటే మ్యాప్ పట్టుకుని రెండో డ్రైవుకు పోవడమే ఎక్కువ ఫలితం ఇచ్చింది. వేగం తగ్గించడం కూడా కొన్నిసార్లు పనిచేస్తుంది. ‘ఎజెక్ట్’ కమాండుకు ‘ఎక్స్’ ఆప్షన్ ఇచ్చి 4 అంటే, మాట వినే డ్రైవులు నెమ్మదిస్తాయి.

మేము బ్యాకప్‌లను సీడీలు రాసే నీరో ప్రోగ్రాములో కాపీల సంఖ్య 2 పెట్టి, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో ఉంచేవాళ్లం. రెండూ మునిగినా, రెండింటికీ దెబ్బ తగిలిన చోట్లు వేరు. మొదటి సీడీతో తయారైన ఇమేజ్, మ్యాప్‌లకే రెండో సీడీని చూపిస్తే ఖాళీలను దాని నుంచి పూరించుకుంటుంది. విడివిడిగా చూస్తే రెండూ పనికిరాని ఒక జతలో నుంచి ఒక పుస్తకం మొత్తం ఫైళ్లు లోపం లేకుండా వచ్చాయి. రెండు కాపీలూ ఒకే కంపైలేషన్ (రాయడానికి ఎంచి పెట్టుకున్న ఫైళ్ల జాబితా) నుంచి రాసినవై ఉండాలి. అవే ఫైళ్లను వేరే రోజు విడిగా రాసి ఉంటే సెక్టార్ల వరుస కలవక ఇమేజ్ కలగాపులగం అవుతుంది.

ఇక లోపాలు. ఏ ఫైలు చెడిందో ఇది తనంతట తాను చెప్పదు. దానికి మాన్యువల్‌లోనే ఒక ఉపాయం ఉంది: ఇమేజ్‌కు ఒక నకలు తీసి, ‘ఫిల్ మోడ్’తో చెడ్డ సెక్టార్లన్నింటిలో ఏదైనా గుర్తుమాట నింపి, ఆ నకలును మౌంట్ చేసి (డిస్కులా తెరిచి), ఆ మాట ఏ ఫైళ్లలో ఉందో మాటలు వెతికే ‘గ్రెప్’ కమాండుతో వెతకాలి. గుర్తుమాట దొరకని ఫైళ్లన్నీ క్షేమం. దొరికిన వాటి గతి ఫైలు రకాన్ని బట్టి ఉంటుంది. కంప్రెస్ చేయని టిఫ్ స్కానులో ఒక సన్నని గీత మాత్రమే పడుతుంది. జేపెగ్ ఫోటోలో ఆ చోటు నుంచి కిందికి రంగులు మారడమో, బూడిదరంగు పరుచుకోవడమో జరుగుతుంది. జిప్ చేసిన ఫైళ్లతో ఎక్కువ ఇబ్బంది; చోటు కలిసివస్తుందని అన్నింటినీ ఒకే జిప్‌లో పెట్టిన బ్యాకప్‌లలో దెబ్బ తగిలిన ఫైలు చేతికి రాలేదు. పేజ్‌మేకర్ ఫైలు క్షేమంగా వచ్చినా, అందులో వాడిన ‘అను’ అనే తెలుగు ఫాంట్లు లేకపోతే తెలుగు అక్షరాల బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజి కనిపిస్తుంది; ఫైలు చెడిందని పారేయకుండా ముందు ఫాంట్లు ఎక్కించి చూడాలి.

కొత్తగా మొదలుపెట్టేవారికి పేర్ల తికమక ఒకటి ఉంది. ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, కమాండు మాత్రం డీడీరెస్క్యూయే. మధ్యలో కింద గీత ఉన్న డీడీ_రెస్క్యూ కుర్ట్ గార్లోఫ్ రాసిన వేరే ప్రోగ్రాము. రెండింటి ఆప్షన్లు ఒకటి కావు.

ఆడియో సీడీలకు ఇది తగదు. డిస్కు మొదట్లో ఉండే విషయసూచికను డ్రైవు చదవలేకపోతే ఇది మొదలే కాదు. ఫైనలైజ్ చేయకుండా (రాత ముగిసిందని డిస్కును మూసివేయకుండా) వదిలేసిన డీవీడీలకు, పెన్‌డ్రైవులా ఫైళ్లు లాగి వేస్తూ రాసిన ఆర్‌డబ్ల్యూ డిస్కులకు విండోస్‌లో ఐసోబస్టర్ అనే ప్రోగ్రాము మేలు. అది డబ్బు పెట్టి కొనాల్సినదే అయినా సెషన్లన్నీ (విడతలుగా రాసిన భాగాలన్నీ) విడదీసి చూపిస్తుంది. ఇమేజ్ వచ్చి డైరెక్టరీ (ఫైళ్ల పేర్ల పట్టిక) మాత్రమే చెడిన సందర్భాల్లో, పేర్లతో పని లేకుండా ఫైళ్లను వెతికి తీసే ఫోటోరెక్‌ను ఆ ఇమేజ్ మీద నడుపుతాను. డేటా సీడీల్లో ఫైళ్లను అమర్చే ఐఎస్ఓ 9660 పద్ధతిలో ఒక ఫైలు సాధారణంగా ముక్కలు కాకుండా ఒకే వరుసలో ఉంటుంది గనుక ఫోటోలు బాగా వస్తాయి, పేర్లు మాత్రం పోతాయి. డీవీడిజాస్టర్ అనే ప్రోగ్రామును చాలామంది దీనికి పోటీగా చెబుతారు గాని, దాని అసలు బలమైన దిద్దుబాటు ఫైలును డిస్కు బాగున్న రోజునే తయారు చేసి దాచుకోవాలి. మా దగ్గరికి వచ్చే డిస్కులకు ఆ యోగం లేదు.

పూర్తిగా రాని డిస్కుల ఇమేజ్‌లను, వాటి మ్యాప్‌లను నేను చెరిపేయను. కొత్తగా ఏ డ్రైవు చేతికి వచ్చినా ముందు ఆ డిస్కులనే అందులో పెట్టి, మిగిలిన ‘-’ వరుసలను అడిగిస్తాను.