నెల్లూరు నుంచి చికాగో: అబుదాబి మీదుగానా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానా?

చెన్నై నుంచి చికాగోకి నేరుగా కొలిస్తే దాదాపు 13,800 కిలోమీటర్లు. చెన్నై నుంచి అమెరికాకి డైరెక్ట్ విమానం లేదు కాబట్టి మధ్యలో ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. అమ్మని తమ్ముడి దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు అబుదాబి మీదుగా పోయాం, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వచ్చాం.

విచిత్రం ఏమిటంటే రెండు దారుల పొడవూ ఇంచుమించు ఒకటే. అబుదాబి వైపు సుమారు 14,650, ఫ్రాంక్‌ఫర్ట్ వైపు 14,560. ఒంటికి తెలిసే తేడా మాత్రం చాలా ఉంది. చెన్నై నుంచి అబుదాబికి నాలుగు గంటల పైచిలుకు, ఆ తర్వాత చికాగోకి ఒకే బిగిన 15 గంటల దాకా కూర్చోవాలి. పన్నెండో గంటకి అమ్మ కాళ్ళు వాచాయి. ఫ్రాంక్‌ఫర్ట్ దారి సగానికి సగం తెగుతుంది. పైగా తూర్పుకి వచ్చేటప్పుడు వెనక నుంచి గాలి తోస్తుంది కాబట్టి ఒక్కో ముక్క గంట దాకా తగ్గుతుంది.

అబుదాబికి ఒక పెద్ద ప్లస్ ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే చేసేస్తారు, 2014 నుంచీ ఉంది ఆ ఏర్పాటు. చికాగోలో దిగాక క్యూ లేదు, పెట్టెలు తీసుకుని బయటికి రావడమే. అయితే మధ్యలో కనీసం మూడు గంటలైనా లేకపోతే టెన్షనే. ఆ కౌంటర్లకి ముందు సెక్యూరిటీ మళ్ళీ ఉంటుంది.

ఇంతకీ నెల్లూరు వాళ్ళకి ప్రయాణం మొదలయ్యేది మాగుంట లేఅవుట్‌లోనో, బాలాజీ నగర్‌లోనో. చెన్నై 175 కిలోమీటర్లే కానీ ఎయిర్‌పోర్టు ఊరికి ఆ చివర మీనంబాక్కంలో ఉంది. పుళల్ దగ్గర బైపాస్ ఎక్కితే ఊళ్ళో ట్రాఫిక్ తప్పుతుంది. అయినా నాలుగు గంటలు వేసుకోండి. సెంట్రల్‌లో దిగితే మెట్రో తిన్నగా ఎయిర్‌పోర్టుకే పోతుంది. ఒంటరిగా, ఒక బ్యాగుతో వెళ్ళేవాళ్ళకి అదే మేలు. మనిషికి రెండు 23 కిలోల పెట్టెలుంటే కారు తప్పదు.

తెల్లవారుజాము విమానానికి ఎయిర్‌పోర్టు దగ్గర రూమ్ తీసుకోవడం దండగ. నాలుగు గంటల నిద్రకి రోజు అద్దె కట్టాలి, అది కూడా పక్క గదిలో పిల్లల గోల మధ్య. వచ్చేటప్పుడు మాత్రం తీసుకోండి. అర్ధరాత్రి దిగి, రాత్రంతా మనకోసం కాచుకున్న డ్రైవర్‌తో హైవే మీద రావడం నాకు నచ్చదు.

టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి, డబ్బులేమీ తీసుకోరు. "నడవగలను గదరా, కుర్చీ ఎందుకు, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు" అని అమ్మ గొణిగింది. అబుదాబిలో ఆ నడక దూరం చూశాక ఇంక మాట్లాడలేదు.

పచ్చళ్ళు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. తినేవి ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి. మటన్ పచ్చడి మాత్రం సర్దొద్దు, పారేయిస్తారు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి నా ఓటు ఫ్రాంక్‌ఫర్ట్‌కే. ఇంగ్లీషు రాని అమ్మానాన్నల్ని ఒంటరిగా పంపాల్సి వస్తే అబుదాబి. చెన్నైలో ఎక్కే ఆ విమానంలో పలకరించడానికి మన తెలుగువాళ్ళు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు.