బ్రెడ్ మిషన్‌లో కేకు: పాన్‌కి పేపర్ వెయ్యాలా? రెండేళ్ల వాడకం తర్వాత

ముందు తేల్చేయాల్సిన మాట ఒకటి ఉంది. పిండి కలపడం, కాల్చడం రెండూ తనే చేసే ఈ మిషన్‌లో ఉండే ‘కేక్’ ప్రోగ్రామ్‌కి పేపర్ పనికిరాదు. అందులో పిండి కలిపేది అడుగున తిరిగే బ్లేడే కాబట్టి పేపర్ పరిస్తే మొదటి నిమిషంలోనే చుట్టుకుపోయి ముక్కలై పిండిలో కలుస్తుంది. పేపర్ వెయ్యాలంటే బ్లేడు తీసేయాలి, పిండి బయట గిన్నెలో కలుపుకోవాలి, కాల్చడం మాత్రమే చేసే ‘బేక్’ ప్రోగ్రామ్ ఒక్కదాన్నే నడపాలి. ఇది తెలియకుండా పేపర్ వేసి, మిషన్ మంచిది కాదని తిట్టుకునేవాళ్లు చాలామంది.

ఇక పేపర్ సంగతి. నెల్లూరు, ఒంగోలు కొట్లలో ‘బటర్ పేపర్’ అని అడిగితే ఇచ్చేది ఎక్కువగా స్వీటు డబ్బాల్లో పరిచే రకం. అది నూనె పీల్చదు, అంతవరకే. వేడికి కేకు అడుగుని గట్టిగా పట్టేసుకుంటుంది, లాగితే కేకు పొరతో సహా వస్తుంది. మనకి కావలసింది సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్. కొనే ముందు చిన్న ముక్క మీద రెండు చుక్కల నీళ్లు వేసి చూడండి. పూత ఉంటే తామరాకు మీద నీళ్లలా దొర్లుతాయి, లేకపోతే నిమిషాల్లో పేపర్ ముడుచుకుంటుంది. గోటితో గీస్తే తెల్లటి మైనం గీత పడిందంటే అది మైనపు కాగితం, వేడికి కరుగుతుంది, దాన్ని పొయ్యి దరిదాపులకి కూడా తేవద్దు.

అల్యూమినియం ఫాయిల్ కూడా వాడి చూశాం. మూలల్లో ముడతలు పడి, ఆ ముడతల్లోకి కేకు దూరి ఊడిరాదు. పైగా పులుపుతో దానికి పొసగదు. మన వైపు పొదలకూరు, గూడూరు నిమ్మకాయలకి కరువు లేదు గనక నిమ్మ కేకే ఎక్కువ చేస్తాం. వేడి కేకు మీద నిమ్మరసం పాకం పోస్తే ఫాయిల్‌కి సూది మొనంత చిల్లులు పడతాయి, కేకు అంచుకి లోహపు వాసన పడుతుంది. నిమ్మ కేకుకి బేకింగ్ పేపర్ తప్ప ఇంకోటి వద్దు.

కొలతలు మా పాన్‌వి: అడుగు 18 × 13 సెంటీమీటర్లు, ఎత్తు 14. మీ పాన్‌ని టేపు పెట్టి కొలుచుకోండి, కంపెనీకో సైజు ఉంటుంది. ఒకే పెద్ద ముక్కని కుక్కితే నాలుగు మూలలా మడతలు లేస్తాయి. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు పట్టీలు వేస్తేనే గోడలు నున్నగా వస్తాయి. నిలువు పట్టీ 13 వెడల్పు, 48 పొడవు. ఇది అటూ ఇటూ అంచు పైకి ఒక సెంటీమీటరు వస్తుంది, కేకు పైకెత్తే పిడి ఇదే. అడ్డం పట్టీ 18 వెడల్పు, 30 పొడవు. దీనికి అంచుదాకా పేపర్ అక్కర్లేదు, కేకు 6, 7 సెంటీమీటర్లకి మించి లేవదు. 30 సెంటీమీటర్ల వెడల్పు రోల్‌లో 48 పొడవు కోస్తే రెండు నిలువు పట్టీలు వచ్చి 4 సెంటీమీటర్ల సన్న పట్టీ మిగులుతుంది. పారేయకండి, దాంతో పని ఉంది.

అసలు తంటా అంతా పాన్ నడుమ లేచి ఉండే షాఫ్ట్ దగ్గర, అంటే బ్లేడు తొడిగే కడ్డీ దగ్గర. బ్లేడు తీసినా అది ఊడదు. పట్టీకి పెద్ద రంధ్రం కోస్తే పిండి దాని చుట్టూ దిగి, షాఫ్ట్ మొదట్లో గట్టిపడుతుంది. మర్నాడు బ్రెడ్ వేసేటప్పుడు బ్లేడు పూర్తిగా కిందికి దిగదు, దిగినా బిగుసుకుని మోటారు మూలుగుతుంది. అందుకని ఇలా: పట్టీని పాన్‌లో పెట్టి షాఫ్ట్ మీద బొటనవేలితో నొక్కితే గుర్తు పడుతుంది. అక్కడ ఒక పట్టీకి కూడిక గుర్తులా, రెండో పట్టీకి ఇంటూ గుర్తులా, ఒక్కోటి 1.5 సెంటీమీటర్లకి మించకుండా గాటు పెట్టండి. రెండు గాట్లూ ఒకదాని మీద ఒకటి పడవు కాబట్టి సందు మూసుకుంటుంది. మిగిలిన 4 సెంటీమీటర్ల పట్టీలోంచి చదరపు ముక్క కోసి దాన్ని షాఫ్ట్ కొనకి టోపీలా తొడిగి పైన మెలిపెడితే కేకు గుంటలో కూడా అంటుకోదు.

పట్టీలు నిలబడటానికి గోడలకి వెన్న సన్నగా రాయాలి, అర టీస్పూన్ చాలు. ఎక్కువైతే అంచులు వేగినట్టు గట్టిపడతాయి. పేపర్ పాన్ బయటికి జారకూడదు. వేడినిచ్చే కాయిల్ పాన్ అడుగు చుట్టూతా ఉంటుంది, పేపర్ వేలాడి దానికి తగిలితే మాడుతుంది, అంటుకున్నా ఆశ్చర్యం లేదు. అలాగని పైకి మరీ పొడుగ్గా వదిలినా తంటానే, మూత వేసినప్పుడు వంగి కేకు మీద పడుకుంటుంది, అక్కడ తడిగా తెల్లగా ఉండిపోతుంది.

ఈ సైజుకి సరిపోయే కొలత: మైదా 200 గ్రాములు, బేకింగ్ పౌడర్ టీస్పూనున్నర, చక్కెర 160, వెన్న 120, గుడ్లు 3, పాలు 80 మిల్లీలీటర్లు, నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు, రెండు కాయల తొక్క తురుము. పాన్‌లో పోస్తే మూడు సెంటీమీటర్లకి కాస్త పైన వస్తుంది. ఇంతకన్నా పోస్తే నడుమ పచ్చిగా ఉండగానే పక్కలు ఎర్రబడతాయి, ఎందుకంటే వేడి కింది నుంచీ పక్కల నుంచీ తప్ప పైనుంచి రాదు. పైభాగం లేతగానే ఉంటుంది, బేకరీ కేకు రంగు ఆశించొద్దు.

పేపర్ లేకుండా 50 నిమిషాల్లో అయ్యేది పేపర్‌తో 55 నుంచి 60 దాకా పడుతుంది. మొదటి 35 నిమిషాలు మూత ఎత్తొద్దు, కుంగుతుంది. తర్వాత చీపురు పుల్ల గుచ్చి చూసుకోవచ్చు, శుభ్రమైనదే అనుకోండి. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ 190కి పడిందంటే 600 వాట్ల కాయిల్ సుమారు 410 వాట్లే ఇస్తుంది. ఆ రోజు గడియారాన్ని నమ్మకుండా పుల్లనే నమ్మాలి. బ్రెడ్ తీసిన వెంటనే కేకు పెడితే కొన్ని మిషన్లు వేడి ఎక్కువని మొరాయిస్తాయి, మూత తీసి 20 నిమిషాలు ఆరనివ్వాలి.

అయిపోగానే మిషన్ దానంతటదే కేకుని వేడిగా ఉంచే ‘వార్మ్’లోకి పోతుంది. అందులో వదిలితే అంచులు ఎండుతాయి. పాన్ బయటికి తీసి 10 నిమిషాలు ఆగి, పుల్లతో పాతిక చోట్ల గుచ్చి, 3 టేబుల్ స్పూన్ల నిమ్మరసంలో అంతే చక్కెర కరిగించిన పాకం పొయ్యండి. పేపర్ విలువ ఇక్కడే తెలుస్తుంది: పాకం గోడకి కారి మాడి అతుక్కోదు, చాకు పెట్టి నాన్‌స్టిక్ గీకే పని ఉండదు. ఇంకో 5 నిమిషాలు ఆగి పట్టీ చెవులు రెండూ పట్టుకుని నిట్టనిలువుగా ఎత్తండి. వాలుగా లాగితే షాఫ్ట్ దగ్గర కేకు చీలుతుంది. పాన్‌లోనే చల్లారనిస్తే అడుగు చెమట పట్టి ముద్దవుతుంది.

ఖర్చు చూస్తే 10 మీటర్ల రోల్‌తో 20 కేకులకి పైనే వస్తాయి. ఒకే పట్టీని రెండోసారి వాడొచ్చు, కానీ పాకం పోసిందైతే పారేయాల్సిందే. బేకింగ్ పేపర్ దొరకని రోజు వెన్న రాసి మైదా చల్లినా కేకు వస్తుంది, కాకపోతే కొత్త పాన్‌కే ఆ భోగం. పూత పోవడం మొదలయ్యాక మూలలూ షాఫ్ట్ చుట్టూ పట్టేస్తాయి.

ఎంత జాగ్రత్తపడ్డా షాఫ్ట్ మొదట్లోకి కాస్త పిండి దిగితే పాన్‌లో రెండు సెంటీమీటర్లు వేడినీళ్లు పోసి అరగంట వదలండి, తర్వాత షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పితే ఊడుతుంది. పాన్ మొత్తాన్ని నీళ్లలో ముంచొద్దు, అడుగున ఉన్న బేరింగ్ పాడవుతుంది.