అలీ సోఫుఓలు: వ్యక్తిగత కటా, జట్టు కటా

అలీ సోఫుఓలు పేరు వినగానే గుర్తొచ్చేది, 2021 ఆగస్టు 6న టోక్యోలోని నిప్పన్ బుడోకన్‌లో కరాటే పురుషుల వ్యక్తిగత కటాలో (నిర్ణీత కదలికల వరుసను ప్రదర్శించే విభాగం) తుర్కియేకు ఆయన సాధించిపెట్టిన ఒలింపిక్ కాంస్యమే. ఆయన జట్టు కటాలోనూ దేశం తరఫున బరిలో దిగారు. ఒలింపిక్స్‌లో ఆ విభాగమే లేనందున దానికి అంత పేరు రాలేదు.

వ్యక్తిగత కటాలో ఆటగాడు ఊహలోని ప్రత్యర్థితో ఒంటరిగా తలపడతాడు. టోక్యోలో ఏడుగురు న్యాయనిర్ణేతలు సాంకేతిక నైపుణ్యానికి 70 శాతం, శారీరక సామర్థ్యానికి 30 శాతం చొప్పున విలువ కట్టారు. పై రెండు, కింది రెండు మార్కులు వదిలేసి మిగిలిన మూడింటినే లెక్కించారు. మలుపులో మడమ కాస్త లేచినా ఆ తప్పు పూర్తిగా ఆటగాడిదే.

జట్టు కటాలో ముగ్గురూ ఒకే క్షణంలో కదలాలి, ఒకే క్షణంలో ఆగాలి. లయ కలపడానికి కాలితో నేలను తట్టి సంకేతమివ్వడం కూడా దోషమే కనుక, పక్కవారి కదలికను కంటి కొసతోనే పసిగట్టాలి. పైగా పతక పోరులో బుంకాయ్ ఉంటుంది; అప్పటిదాకా గాలిలో వేసిన దెబ్బలను, నిరోధాలను సహచరులపైనే ప్రయోగించి వాటి అర్థాన్ని చూపాలి.

నా దృష్టిలో జట్టు కటాయే కష్టం. ఒలింపిక్స్‌లో దానికి చోటివ్వకపోవడం అన్యాయం. టోక్యో స్వర్ణ విజేత, జపాన్‌కు చెందిన ర్యో కియునా రెండు విభాగాల్లోనూ ప్రపంచ విజేతే. 2024 పారిస్ క్రీడల్లో కరాటేయే లేకపోవడంతో వ్యక్తిగత కటాకూ ఆ వేదిక దూరమైంది.