చేతుల్లేని క్రీపర్ చేతిలో పన్నెండేళ్లు

బ్లాకులు పేర్చి ఇళ్లు కట్టుకునే వీడియో గేమ్ మైన్‌క్రాఫ్ట్‌లో నా మొదటి ఇల్లు పట్టపగలే పోయింది. రాత్రంతా కొండ తొలిచిన గుంతలో నక్కి, తెల్లారాక బయటికొచ్చాను. జాంబీలు, స్కెలిటన్‌లు ఎండకి అంటుకుని కాలిపోతున్నాయి. ఇంక భయం లేదులే అని, మూడు సాయంత్రాలు కూర్చుని కట్టుకున్న చెక్క ఇంటికి కిటికీ అద్దాలు బిగిస్తున్నాను. వెనక ‘స్స్‌స్’ అని వినపడింది. తిరిగి చూసేసరికి స్క్రీన్ నిండా పచ్చటి మొహం. మరుక్షణం గోడ లేదు, సామాన్లు దాచుకున్న చెస్ట్ (పెట్టె) లేదు, నేనూ లేను. క్రీపర్ అనే ఆ పచ్చటి రాక్షసి ఎండకి కాలదని ఎవరూ చెప్పలేదు.

అది 2013. మధ్యలో ఉద్యోగం, పెళ్లి వల్ల కొన్నాళ్లు ఆగినా, ఆడటం మాత్రం మానలేదు. ఇప్పుడు మా అక్క కొడుకుతో కలిసి ఆడుతున్నాను. ఆట గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఆ పచ్చోడి గురించే రాస్తాను. పచ్చోడు అని పేరు పెట్టింది మావాడే.

దాని పుట్టుక పొరపాటు. ఆటను తయారుచేసిన మార్కస్ పెర్సన్ 2009లో పంది బొమ్మ చేయబోయి పొడవు, ఎత్తు అంకెలు తారుమారు చేశాడు. అడ్డంగా ఉండాల్సిన ఒళ్లు నిలువుగా లేచింది. వినాయకుణ్ణి చేయబోతే కోతైందని మనం ఎగతాళిగా అంటాం. ఆయన మాత్రం ఆ కోతినే ఉంచుకుని, పచ్చరంగు పూసి, పొట్టలో బాంబు పెట్టాడు. కింద నాలుగు పొట్టి కాళ్లున్నాయి. చేతుల్లేవు. చేతుల్లేనివాడు కొట్టలేడు, పట్టుకోలేడు, దగ్గరికొచ్చి పేలిపోవడం ఒక్కటే వాడికి తెలిసిన విద్య. ఎవరో కూర్చుని ఆలోచించి గీసినా ఇంత పొందిగ్గా కుదిరేది కాదేమో.

మొహమైతే ఎనిమిది గళ్లు అడ్డం, ఎనిమిది నిలువు. అంతే. రెండు నల్లటి కళ్లు, కిందికి జారిన నోరు. మావాడు లెక్కల నోటుబుక్కులో నిమిషంలో వేసేస్తాడు. తేరిపార చూస్తే అది కోపంగా ఉన్న మొహం కాదు, ఏడుపు మొహం. ఈ చిన్న గళ్ల బొమ్మే ఆటకి గుర్తు అయిపోయింది. మైన్‌క్రాఫ్ట్ పేరు రాసే తీరులో ‘ఎ’ అక్షరం మీదా అదే మొహం. 2023 నాటికి 30 కోట్ల కాపీలు దాటిన ఆట ఇది. దాన్ని ఒక్కసారీ ముట్టుకోని మా అక్క కూడా టీషర్టుల మీద ఆ బొమ్మ కనిపిస్తే, ‘మీ పచ్చోడురా’ అని చూపిస్తుంది.

ఇన్నేళ్లయినా నన్ను పట్టి ఉంచింది మాత్రం దాని మౌనం. జాంబీ మూలుగుతుంది, స్కెలిటన్ ఎముకలు గలగలమంటాయి, సాలీడు కూడా ఏదో ఒక చప్పుడు చేస్తుంది. క్రీపర్‌కి ఊరికే తిరిగేటప్పుడు గొంతే లేదు. మూడు బ్లాకుల దూరానికి వచ్చాకే వత్తి అంటుకుంటుంది. అక్కణ్ణుంచి మనకున్నది ఒకటిన్నర సెకను. దీపావళికి లక్ష్మీబాంబు అంటించి వెనక్కి పరిగెత్తినవాళ్లకి ఆ టెన్షన్ తెలుసు. తేడా ఏమిటంటే, ఇక్కడ అంటించింది మనం కాదు, బాంబే నడుచుకుంటూ వచ్చింది. సమయానికి దూరంగా ఉరికితే అది ఒళ్లు దించుకుని తుస్సుమంటుంది. ఒక దెబ్బ వేసి వెనక్కి, మళ్లీ ఒక దెబ్బ వేసి వెనక్కి. ల్యాప్‌టాప్‌లో ఈ లయ వారంలో వచ్చేస్తుంది. ఫోన్‌లో నాకు ఇప్పటికీ రాలేదు, బొటనవేళ్లు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి.

ఇంకే రాక్షసి చంపినా లేచి వచ్చి, పడిపోయిన సామాన్లు ఏరుకుంటే సరిపోతుంది. క్రీపర్ కట్టినదాన్ని తీసుకుపోతుంది. అందుకే దాని మీద కక్ష వేరు. మావాడు తొమ్మిదేళ్లప్పుడు ఎర్ర ఇసుకరాయితో గోపురం లాంటిది కట్టాడు, నెల పట్టింది. ఒక మూల టార్చ్ పెట్టడం మర్చిపోయాడు, ఆ చీకట్లో క్రీపర్ పుట్టింది. పేలాక ఏడవలేదు కానీ, అన్నం తినలేదు. చూడలేక వరల్డ్ సెట్టింగ్స్‌లో మాబ్ గ్రీఫింగ్ ఆపేశాను, అలా చేస్తే క్రీపర్ పేలినా గోడలు చెక్కుచెదరవు. రెండు వారాలు తిరక్కుండానే వచ్చి, ‘మళ్లీ ఆన్ చెయ్ మామయ్యా, పచ్చోడు ఉత్తుత్తి బాంబైపోయాడు’ అన్నాడు.

నా ఫిర్యాదూ అదే, వాడిలో పదును తగ్గుతోంది. 2012లో పిల్లుల్ని చూసి పారిపోవడం నేర్పారు. అది నాకిష్టమే, గుమ్మం దగ్గర పిల్లిని కూర్చోబెడితే కొంత ధీమా. 2016లో షీల్డ్ వచ్చింది, అడ్డం పెట్టుకుంటే ఎదురుగా పేలినా దెబ్బే తగలదు. 2021 చివర్లో రాక్షసులు చిమ్మచీకట్లో తప్ప పుట్టవన్నారు. అంతకుముందు మసక వెలుతురు చాలేది, టార్చ్‌లు ఒత్తుగా పాతుకోవాల్సి వచ్చేది. కట్టేవాళ్లకి సుఖం, నిజమే. నాకు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని తిరగడంలో ఉన్న మజా పోయింది.

ఇప్పుడైతే వాటిని పెంచుతున్నాం కూడా. చీకటి గదిలో పుట్టించి, పిల్లితో బెదరగొట్టి, ఎత్తు నుంచి పడేలా చేస్తే తుపాకీ మందు దొరుకుతుంది. రెక్కలు కట్టుకుని ఎగరాలంటే రాకెట్లకి అది కావాలి. పంది కావాల్సింది చివరికి పాడిపశువే అయింది. స్కెలిటన్ వేసిన బాణం తగిలి క్రీపర్ చస్తే పాటల డిస్క్ ఇస్తుంది. ఆ ఒక్క డిస్క్ కోసం ఇద్దరి మధ్యా పరిగెడుతూ ఒక ఆదివారం మొత్తం తగలేశాను. పిడుగు పడి నీలంగా మెరిసే క్రీపర్‌ని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారే చూశాను. దాని పేలుడు టీఎన్‌టీ కంటే పెద్దది. దగ్గరికెళ్లి చూసే ధైర్యం చెయ్యలేదు.

మార్కులు అడిగితే అయిదుకి నాలుగున్నర. ఆ అర మార్కు 2013లో పోయిన నా చెస్ట్ కోసం పట్టుకున్నాను, అందులో రెండు వజ్రాలు ఉన్నాయి.